కారు సర్వీసింగ్: ఏ పని షోరూమ్‌కి, ఏ పని బయట మెకానిక్‌కి

నా కారుకు వారంటీ అయిపోయిన కొత్తలో షోరూమ్ సర్వీస్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది. ముందు బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయాయట, మార్చేస్తామన్నారు. "ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయండీ?" అన్నాను, ఏదో ఒకటి అడగాలి కదా అని. అవతల కాసేపు మాట లేదు. పది నిమిషాలకు మళ్లీ ఫోన్. "ఏడు ఉన్నాయి సార్, వచ్చే సర్వీసుకి చూద్దాం." కొత్త ప్యాడ్ మందమే సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు. 3 దగ్గరికి వస్తే మార్చాలి. ఆ ప్యాడ్లు ఆ తర్వాత రెండేళ్లు నడిచాయి.

ఆ కోపంతో బయట మెకానిక్ దగ్గరికి మారిపోయాను. మంచి మనిషి, పనిలో చురుకు. కానీ మొదటిసారి ఆయిల్ మార్చినప్పుడే ఆయిల్ కిందికి వదిలే డ్రెయిన్ ప్లగ్‌కి పాత వాషరే వేసి, పొడవాటి రెంచితో బలమంతా పెట్టి బిగించాడు. ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే ఆయిల్ పాన్ మరలు చెడిపోయాయి. షోరూమ్ మానేసి మిగుల్చుకున్నదంతా కొత్త పాన్‌కి సమర్పించుకున్నాను.

అప్పటినుంచి కారును మొత్తంగా ఒకరికే రాసిచ్చెయ్యడం మానేశాను. పనిని బట్టి మనిషి. ఏ పని ఎవరికి ఇవ్వాలో తేల్చుకోవడానికి నేను పాటించే వరస ఇది.

1. ముందు కాగితాలు తీయండి

డ్యాష్‌బోర్డు అరలో కవరు కూడా విప్పకుండా పడి ఉండే యజమాని పుస్తకం, వారంటీ పుస్తకం బయటికి తీయండి. ఎన్ని నెలలకు లేదా ఎన్ని కిలోమీటర్లకు ఏ పని చేయాలో కారు తయారుచేసిన కంపెనీయే అందులో పట్టికగా ఇస్తుంది. ఫోన్ కెమెరాతో ఆ పేజీలు తీసి పెట్టుకోండి. ఇకమీదట ఎవరు ఏం మార్చాలన్నా ముందు చూడాల్సింది ఆ పేజీనే. సర్వీస్ సెంటర్ గోడమీద వేలాడే "ప్యాకేజీ" పట్టిక వేరు, కంపెనీ పుస్తకంలోని పట్టిక వేరు. మొదటిది అమ్మకం కోసం, రెండోది కారు కోసం.

పట్టిక చూసేటప్పుడు "కఠిన వాడకం" అనే భాగం వదలకండి. రోజూ రెండు మూడు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలు, గంటలకొద్దీ ట్రాఫిక్, దుమ్ము రోడ్లు, బరువు లాగడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. మనలో చాలామంది మనది మామూలు వాడకమే అనుకుంటాం, నిజానికి కాదు. అలాంటి వాడకంలో ఆయిల్ గడువు తగ్గుతుంది.

తర్వాత వారంటీ. బయట సర్వీస్ చేయిస్తే వారంటీ పోతుందన్న మాట కార్ల యజమానుల్ని భయపెట్టినంతగా ఇంకేదీ భయపెట్టదేమో. ఇది దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఫలానా బ్రాండు విడి భాగమే వాడాలి, ఫలానా చోటే సర్వీస్ చేయించాలి అని వారంటీకి షరతు పెట్టకూడదు, అది ఉచితంగా ఇస్తే తప్ప. యూరోపియన్ యూనియన్‌లో 2010 నాటి నిబంధనలూ ఇదే దారిలో నడుస్తాయి. విడి భాగాలూ సాంకేతిక సమాచారమూ బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని భారత పోటీ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలను తప్పుపట్టి జరిమానా వేసింది. కాబట్టి కౌంటర్‌లో కూర్చున్నవారి నోటిమాట నమ్మకండి, మీ వారంటీ పుస్తకంలో రాసింది చదవండి. చట్టం మీవైపే ఉన్నా ఒక మాట మర్చిపోకండి: బయట పోసిన తప్పు ఆయిల్ వల్లే ఇంజిన్ పోయిందని కంపెనీ చూపించగలిగితే ఆ రిపేరు మీ నెత్తినే. సరైన ఆయిల్ వాడినట్టు బిల్లు చూపించలేకపోయినా దాదాపు అదే గతి.

నా పద్ధతి సూటిగా చెప్తాను. వారంటీ ఉన్నన్నాళ్లు రొటీన్ సర్వీసులు షోరూమ్‌లోనే చేయిస్తాను. హక్కు లేక కాదు. గేర్‌బాక్స్ పోయిన రోజున వాదన పెట్టుకునే ఓపిక నాకు లేదు. ఆ సర్వీసుల్లో వాళ్లు అంటగట్టే అదనపు పనులు మాత్రం ఒక్కటీ ఒప్పుకోను.

కాగితాల్లో ఆఖరిది రీకాల్, అంటే లోపం ఉన్న కార్లను కంపెనీయే వెనక్కి పిలిచి బాగుచేయడం. మీ కారు ఛాసిస్ నంబరు, అంటే 17 అక్షరాలూ అంకెల నంబరు, కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల ఉదంతంలో ప్రపంచమంతటా కోట్ల కార్లను వెనక్కి పిలిచారు. వేడికీ తేమకూ ఏళ్ల తరబడి నాని పాడైన ఇన్‌ఫ్లేటర్లు (ఎయిర్‌బ్యాగును ఉబ్బించే భాగాలు) ప్రమాద సమయంలో పేలి లోహపు ముక్కలు విసిరాయి. అలాంటి రీకాల్ పని షోరూమ్‌లో ఉచితం. కారు ఎంత పాతదైనా, మీరు మూడో యజమాని అయినా సరే అడగండి. బయట మెకానిక్ దగ్గరికి మారిపోయినవాళ్లకు ఈ కబురు చేరకపోవచ్చు, ఎందుకంటే షోరూమ్ దగ్గర వాళ్ల కొత్త ఫోన్ నంబరు ఉండకపోవచ్చు.

2. పనులను విడదీయండి

ఇక్కడ కాస్త ఓపిగ్గా కూర్చోవాలి, ఎందుకంటే డబ్బు మిగిలేదీ, ఇంజిన్ మిగిలేదీ ఇక్కడే.

కొన్ని పనులు చేయి తిరిగిన ఏ మెకానిక్ అయినా చేయగలడు: ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు, స్పార్క్ ప్లగ్‌లు, మామూలు బ్యాటరీ, సస్పెన్షన్ బుష్‌లు (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు ముక్కలు), షాక్ అబ్జార్బర్లు, వీల్ బేరింగులు, క్లచ్, రేడియేటర్, సైలెన్సర్. వీటికి షోరూమే కావాలనడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. పైగా పాత కారు సస్పెన్షన్‌లో చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో చెవితో పట్టడంలో, ఇరవై ఏళ్లుగా అదే పనిలో ఉన్న బయట మెకానిక్‌కి సాటి లేదు. షోరూమ్‌లో చప్పుడుకి మందు తరచూ మొత్తం అసెంబ్లీ మార్చడమే. బయట ఆ ఒక్క బుష్ మారుస్తాడు.

కొన్ని పనులకు షోరూమ్ తప్ప వేరే దారి ఉండదు. రీకాల్, వారంటీ రిపేర్లు సరే సరి. కంట్రోల్ యూనిట్ (కారులోని కంప్యూటర్) సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, కొత్త తాళంచెవికి కోడింగ్, ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి లేనిదే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఏర్పాటు), ఎయిర్‌బ్యాగు మాడ్యూల్ కూడా చాలావరకు ఇందులోకే వస్తాయి. అంతుపట్టని విద్యుత్ లోపం వస్తే కూడా నేను మొదట అక్కడికే వెళ్తాను. కారణం ఉంది. ఒకే మోడల్‌లో మళ్లీ మళ్లీ వచ్చే లోపాలకు కంపెనీ తన సర్వీస్ సెంటర్లకు సాంకేతిక బులెటిన్లు పంపుతుంది. బయట మూడు రోజులు వెతికినా దొరకని జబ్బుకు అక్కడ ఒక పేజీలో మందు రాసి ఉండొచ్చు.

అసలు చిక్కు ఈ రెండింటి మధ్య ఉన్న పనులతోనే. పైకి మామూలుగా కనిపిస్తాయి, తెలియనివాడు చెయ్యి పెడితే నష్టం పెద్దది.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌తో మొదలుపెడదాం. ఆటోమేటిక్‌లో సీవీటీ రకానికి దానికంటూ ఒక ఆయిల్ ఉంటుంది, డ్యుయల్ క్లచ్ రకానికి ఇంకొకటి. "అన్నిటికీ ఇదే పోస్తాం అన్నా" అని మెకానిక్ అంటే కారు తాళం చేతికి తీసుకుని వచ్చెయ్యండి. చాలా గేర్‌బాక్సుల్లో ఆయిల్ మట్టం కొలవాలంటే ఆయిల్ ఒక నిర్ణీత ఉష్ణోగ్రతలో ఉండాలి, అది చూడ్డానికి కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ కావాలి. ఆ మాట ఆయనకు తెలుసో లేదో ఒక్క ప్రశ్నతో బయటపడుతుంది.

పిస్టన్లనూ వాల్వులనూ ఒకే లయలో నడిపేది టైమింగ్ బెల్ట్. అది తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులను కొడతాయి. ఇంజిన్ విప్పాల్సిందే. కొన్ని కొత్త ఇంజిన్లలో ఈ బెల్ట్ ఆయిల్‌లోనే తిరుగుతుంది. వాటిలో తప్పు గ్రేడు ఆయిల్ పోస్తే బెల్ట్ పొట్టు రాలుతుంది, ఆ పొట్టు ఆయిల్ పంపు జల్లెడను మూసేస్తుంది. అంటే అలాంటి కారుకు అన్నిటికంటే తేలిక పని అనుకున్న ఆయిల్ మార్పే అన్నిటికంటే ప్రమాదమైన పని. మీ ఇంజిన్ ఆ రకమేమో ముందే తెలుసుకోండి.

డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న డీజిల్ కార్లకు బూడిద తక్కువ వదిలే ఆయిల్ కావాలి, లేకపోతే ఆ ఫిల్టరు త్వరగా పూడిపోతుంది. ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేక్ ఉన్న కార్లలో వెనక ప్యాడ్లు మార్చాలంటే చాలావాటికి స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. పెట్టకుండా పిస్టన్‌ను బలవంతంగా నొక్కితే లోపలి మోటారు పోవచ్చు. కొన్ని కార్లకు కొత్త బ్యాటరీ వేశాక ఆ సంగతి కంప్యూటర్‌కి చెప్పాలి. ముందు అద్దం వెనక కెమెరా ఉన్న కారుకు అద్దం మారిస్తే కెమెరాకు మళ్లీ కాలిబ్రేషన్ చేయించాలి, అంటే దాని చూపు సరిచేయించాలి. ఏసీలో ఉన్నది పాత ఆర్134ఏ గ్యాసా, కొత్త 1234వైఎఫ్ గ్యాసా చూసుకోవాలి. రెండోది కొద్దిగా మండే గుణం ఉన్నది, దానికి మెషీనే వేరు.

ఈ పనులు బయట చేయించకూడదని కాదు. వీటికి కావాల్సిన సరంజామా ఉన్నవాడి దగ్గరే చేయించాలి. ఒక బ్రాండు కార్లే చూసే మెకానిక్‌లు ఉంటారు, చాలామంది షోరూమ్‌లో ఏళ్లు పనిచేసి బయటికి వచ్చినవాళ్లే. మధ్యలో ఉన్న పనులకు నా ఓటు వాళ్లకే.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల సంగతి వేరు. టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్, వైపర్లు బయట చేయించుకోవచ్చు. నారింజ రంగు కేబుళ్లు కనిపించే చోట వందల వోల్టులు ఉంటాయి. ఆ శిక్షణ తీసుకోనివాణ్ని అక్కడ చెయ్యి పెట్టనివ్వకండి. కారు కోసం కాదు, అతని ప్రాణం కోసం.

3. రెండు అంచనాలు తెప్పించి చదవండి

చేయించాల్సిన పనుల జాబితా ఒకటే రాసి, షోరూమ్‌కీ బయట మెకానిక్‌కీ ఇద్దరికీ ఇవ్వండి. "జనరల్ సర్వీస్ ఎంత?" అని అడిగితే ఇద్దరూ వేర్వేరు వస్తువులకు ధర చెప్తారు, పోలికే కుదరదు. ఆయిల్ గ్రేడు, ఎన్ని లీటర్లు, ఏ ఫిల్టర్లు, ప్లగ్‌లు ఉన్నాయా లేవా, అన్నీ రాసి అడగండి.

ఆయిల్ దగ్గర 5డబ్ల్యూ-30 లాంటి అంకె ఒక్కటే చాలదు. అది చిక్కదనం మాత్రమే. పక్కన ఏపీఐ ఎస్‌పీ అనో, ఏసీఈఏ సీ3 అనో నాణ్యత ప్రమాణం, లేదా కంపెనీ సొంత ఆమోదం నంబరు యజమాని పుస్తకంలో ఉంటుంది. డబ్బా మీద కూడా అదే ఉండాలి. ఇది సరిపోతే ఆయిల్ మీద ఎవరి బ్రాండు ముద్ర ఉన్నా ఫర్వాలేదు.

విడి భాగాలు మూడు రకాలని గుర్తుపెట్టుకోండి. కారు కంపెనీ పెట్టెలో వచ్చేవి. ఆ కంపెనీకి అదే భాగం చేసిచ్చే బాష్, డెన్సో, వాలియో లాంటి తయారీదారులు తమ సొంత పెట్టెలో అమ్మేవి. ఇక మిగతావాళ్లు చేసేవి. రెండో రకంలో చాలాసార్లు వస్తువు అదే, పెట్టె మారుతుంది, ధర తగ్గుతుంది. బయట మెకానిక్ వల్ల వచ్చే అసలైన లాభం ఇదే. మూడో రకంలో మంచివీ ఉన్నాయి, చెత్తా ఉంది. నాలుగోది కూడా ఉంది, డూప్లికేట్. ఒరిజినల్ పెట్టెలాగే కనిపిస్తుంది. బ్రేకులు, స్టీరింగ్, టైమింగ్ బెల్ట్ దగ్గర మాత్రం నేను మొదటి రెండు రకాలు దాటను. అంచనాలో పార్ట్ నంబరు రాయమని అడిగితే ఈ గందరగోళం సగం తీరిపోతుంది.

లేబర్ దగ్గర ఒక కిటుకు ఉంది. షోరూమ్‌లో ఒక్కో పనికి ఇన్ని గంటలని ముందే రాసిన పట్టిక ఉంటుంది. పని తొందరగా అయిపోయినా పట్టికలోని గంటలకే బిల్లు. ఇది మోసం కాదు, ఆలస్యమైనా అంతే తీసుకుంటారు కాబట్టి. మోసపోయేది రెండు పనులు ఒకేసారి చేసినప్పుడు. టైమింగ్ బెల్ట్‌తో నడిచే వాటర్ పంపు ఉందనుకోండి. పంపు మార్చడానికి బెల్ట్ ఎలాగూ విప్పాలి. రెండింటికీ విడివిడిగా పూర్తి లేబర్ వేస్తే, విప్పింది ఒకసారి, మీరు కట్టింది రెండుసార్లు. గేర్‌బాక్స్ దించి క్లచ్ వేసేటప్పుడు రిలీజ్ బేరింగ్ కూడా అంతే. "ఈ రెండూ కలిపి చేస్తున్నారు కదా, లేబర్ ఎంత తగ్గుతుంది?" అని అడగండి.

ఇక అదనపు పనులు. ఇంజిన్ ఫ్లష్, ఇంజిన్ డెకార్బనింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ క్లీనింగ్, ఏసీ శానిటైజింగ్, ఇంజిన్ గది పాలిష్, అండర్‌బాడీ కోటింగ్, టైర్లలో నైట్రోజన్. ఇవి యజమాని పుస్తకం పట్టికలో లేవా? అయితే లక్షణం చెప్పమనండి. ఏ ఇబ్బంది కనబడిందని ఇది చేయాలంటున్నారు? సమాధానం "అందరూ చేయిస్తున్నారండీ" అయితే మీకు అక్కర్లేదు. సర్వీస్ అడ్వైజర్ మీద కూడా కోపం వద్దు. చాలాచోట్ల అతని ప్రోత్సాహకం వీటి అమ్మకాలకే ముడిపడి ఉంటుంది. నవ్వుతూ వద్దనండి, అతనూ నవ్వుతూ కొట్టేస్తాడు.

ఒక్కటి మాత్రం అదనపు పనిలా కనిపించినా కాదు: బ్రేక్ ఆయిల్. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు ఉండాలి. తేమ పట్టాక ప్రమాణం 155 డిగ్రీలకు దిగిపోతుంది. ఘాట్ రోడ్డు దిగుతుంటే ఆ ఆయిల్ మరిగి పెడల్ మెత్తబడిపోయేది అందుకే. చాలా కార్లకు రెండేళ్లకోసారి మార్చమంటారు. బయట మెకానిక్‌లలో ఎక్కువమంది దీన్ని అస్సలు ఎత్తరు, మీరే అడగాలి.

4. మెకానిక్‌ను చిన్న పనితో పరీక్షించండి

కారు ఆగిపోయిన రోజున మెకానిక్‌ను వెతకడం మొదలుపెడితే దొరికినవాడే దేవుడు. కారు బాగున్నప్పుడే వెతకండి. మీ కారు మోడలే నడిపేవాళ్లను, ముఖ్యంగా రోజంతా కారు నడిపి బతికే ట్యాక్సీ డ్రైవర్లను అడగండి. కారు ఒక్క రోజు ఆగితే వాళ్లకు కూలి పోతుంది, కాబట్టి పని రానివాడి దగ్గరికి రెండోసారి వెళ్లరు.

షెడ్డుకి వెళ్లి పది నిమిషాలు ఊరికే నిలబడండి. నేల మీద కాస్త నూనె ఉంటే నేను పట్టించుకోను. చూసేవి వేరు. విప్పిన బోల్టులు వరసగా ట్రేలో ఉన్నాయా, నేలమీద కుప్పగా ఉన్నాయా? కారును జాకీ మీదే లేపి కిందికి దూరుతున్నారా, స్టాండ్లు పెడుతున్నారా? టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నారో కొలిచే రెంచి) ఎక్కడైనా కనిపిస్తోందా? అల్యూమినియం పాన్‌కీ, వీల్ నట్లకీ లెక్క ప్రకారం బిగింపు కావాలి. అది నాకు ఒక ఆయిల్ పాన్ ఖరీదుతో తెలిసిన పాఠం. మీ కారు బ్రాండు లోతుగా చదివే స్కానర్ ఉందా? మామూలు ఓబీడీ రీడర్ (లోపం కోడ్‌లు చదివే చిన్న పరికరం) ఇంజిన్ లోపాలు చూపిస్తుంది కానీ ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు, గేర్‌బాక్స్ దాకా చాలాసార్లు వెళ్లదు.

మొదట ఆయిల్ మార్పో, ప్యాడ్లో ఇవ్వండి. బిల్లు ఇస్తాడా, పాత భాగాలు చూపిస్తాడా, చెప్పిన టైముకి ఇచ్చాడా చూడండి. నా లెక్కలో అన్నిటికంటే మంచి గుర్తు ఒకటుంది. "ఈ పని నా దగ్గర కాదు సార్, షోరూమ్‌కి వెళ్లండి" అని ఏదో ఒక పనికి అన్నవాడు. అలాంటివాడు దొరికితే వదులుకోకండి.

లోపం కోడ్ చూడగానే భాగం మార్చేసే అలవాటు అటూ ఇటూ రెండు చోట్లా ఉంది. ఆక్సిజన్ సెన్సర్ కోడ్ వచ్చినంత మాత్రాన సెన్సర్ పోయిందని కాదు. సైలెన్సర్ గొట్టానికి చిల్లు పడినా, వైరు తెగినా ఆ కోడే వస్తుంది. "పరీక్ష ఏం చేశారు?" అని అడగండి.

5. కారు ఇచ్చేటప్పుడు

లక్షణం చెప్పండి, జబ్బు పేరు చెప్పకండి. "బేరింగ్ పోయినట్టుంది" అంటే బేరింగే మారుస్తారు. "60 వేగం దాటాక ఎడమ ముందు నుంచి హోరు, కుడివైపు తిప్పితే పెరుగుతుంది" అనండి. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా అన్నది కూడా చెప్పండి. వీలైతే ఫోన్‌లో చప్పుడు రికార్డు చేయండి.

జాబ్ కార్డు (చేయాల్సిన పనుల చీటీ) మీద మూడు వాక్యాలు రాయించండి: చెప్పిన అంచనా దాటితే ఫోన్ చేసి ఒప్పుకున్నాకే పని, పాత భాగాలు తిరిగి ఇవ్వాలి, పార్ట్ నంబర్లు బిల్లులో ఉండాలి. బయట జాబ్ కార్డు ఉండదు, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి, ఆయన "ఓకే" అంటే చాలు. మనకు మొహమాటం ఎక్కువ. తెలిసినవాడి దగ్గర రాతపని అడగడానికి నోరు రాదు. తెలిసినవాడి దగ్గరే మరీ అడగాలి, తర్వాత మాటా మాటా అనుకోకుండా ఉండటానికి. కిలోమీటరు రీడింగు, పెట్రోలు ముల్లు, నాలుగు వైపులా గీతలు ఫోటో తీసుకుని వచ్చెయ్యండి.

6. కారు తీసుకునేటప్పుడు

డబ్బు కట్టకముందు పది నిమిషాలు. ఆయిల్ డిప్‌స్టిక్ ఉంటే తీసి చూడండి, మట్టం రెండు గీతల మధ్య ఉండాలి. ఎక్కువ పోసినా నష్టమే. పాత ఫిల్టరు, పాత ప్యాడ్లు చూడండి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె మీరే తెరిచి చూడండి, మార్చానని బిల్లు వేసి దులిపి పెట్టడం ఎక్కువగా జరిగేది దానికే. కారు కింద వంగి చూడండి. ఇంజిన్ ఆన్ చేసి, హెచ్చరిక దీపాలన్నీ ఒకసారి వెలిగి ఆరుతున్నాయో లేదో గమనించండి. ప్యాడ్లు మార్చారంటే కదిలే ముందే బ్రేక్ పెడల్ నాలుగైదుసార్లు తొక్కండి, మొదటి తొక్కుకి అది నేలకు తగలొచ్చు. చక్రాలు విప్పిన పని అయితే కొన్ని పదుల కిలోమీటర్ల తర్వాత వీల్ నట్లు మళ్లీ బిగింపు చూపించండి.

ఫిర్యాదు చేసిన చప్పుడు తగ్గిందో లేదో చూడ్డానికి మెకానిక్‌నో అడ్వైజర్‌నో పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండ్ వేయండి. ఇంటికొచ్చాక ఫోన్ చేసి "ఇంకా వస్తోంది" అంటే, అది పాత చప్పుడో కొత్తదో వాళ్లు ఒప్పుకోరు.

7. ఫైలు

ప్రతి బిల్లు, తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ డబ్బా లేబుల్ ఫోటో, అన్నీ ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టండి. బయట చేయించేవాళ్లకు ఇది మరీ అవసరం, షోరూమ్ కంప్యూటర్‌లో మీ చరిత్ర ఉండదు కాబట్టి. కారు అమ్మేటప్పుడు కొనేవాడు అడిగేది షోరూమ్ స్టాంపే అయినా, పార్ట్ నంబర్లతో సహా ఆరేళ్ల బిల్లులు ముందు పెడితే బేరంలో గొంతు తగ్గిస్తాడు.

వారంటీ ముగిసిన కొత్తలో షోరూమ్‌ను పూర్తిగా మానేసే ముందు ఒక సంగతి లెక్కలో వేసుకోండి. గడువు దాటిన కొద్ది నెలల్లో పెద్ద భాగం పోతే, సర్వీసులన్నీ తమ దగ్గరే చేయించినవాళ్లకు కొన్ని కంపెనీలు ఖర్చులో కొంత భరిస్తాయి. హక్కుగా కాదు, మంచితనంగా. మీ మోడల్‌కి గేర్‌బాక్స్ జబ్బులున్నాయని పేరుంటే వారంటీ తర్వాత ఒకటి రెండేళ్లు ఏడాది సర్వీసు షోరూమ్‌లో, బ్రేకులూ సస్పెన్షన్ బయట చేయించండి. వారంటీ ముగియడానికి ఒక నెల ముందు, ఏ ఇబ్బందీ లేకపోయినా, అక్కడికి వెళ్లి కారును లిఫ్టు మీద పెట్టించి కింద అంతా చూపించండి. ఎక్కడైనా ఆయిల్ చెమ్మ కనిపిస్తే ఆ రోజే జాబ్ కార్డు మీద రాయించండి.